చీటీ వెనకవైపు

డెస్ ట్రెవిన్ కొట్టుకి గంట లేదు.
తలుపు నేలని గీరుకుంటూ మూలిగేది, అదే గంట.
లోపల ఎవరెవరో పోయిన ఇళ్ల వాసన:
కలరా ఉండలు, కిరసనాయిలు, తడిసి ఆరిన ఉన్ని.

విక్టోరియాలో, బంగారం తవ్వేసి వెళ్లిపోగా మిగిలిన ఊరు మాది.
రెండు బేకరీలు, వారానికి మూడు రైళ్లు,
వీధి మలుపులో నా మందుల షాపు,
ఎదురుగా అతని పాత సామాన్ల కొట్టు.

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి
అని మనం నిట్టూరుస్తాం.
డెస్ దాన్నే వ్యాపారసూత్రం చేసుకున్నాడు.
భర్త పోయినావిడ తెచ్చిన గోడగడియారాన్ని కొరివి ధరకి కొని
కొత్త కాపురం పెట్టిన జంటకి అడవి ధరకి కట్టబెట్టేవాడు.
లెక్కలు చూసే వెర్నా ఏటా జూన్‌లో తల పట్టుకునేది.

ప్రతి వస్తువుకీ ఓ గోధుమరంగు చీటీ, పురికొస, పెన్సిల్ రాత.
"నాన్‌కారో వాళ్ల పొలంలోది. పిడి విరిగింది. అతికించింది నేనే."
"పగులుంది. కుడివైపుకి తిప్పి చూడండి."
పగులు దాచి అమ్మడం అతనికి చేతకాలేదు.

ఫిబ్రవరిలో ఉత్తరపు గాలి లేచిందంటే
సైరన్ కూత పూర్తికాకముందే
పెళ్లిగౌనుకీ గుర్రపు జీనుకీ మధ్య వేలాడే పసుపు కోటు మాయం.
బల్లమీద పలక:
"మంట దగ్గరికెళ్లాను. డబ్బు జాడీలో వేయండి. చిల్లర మీరే తీసుకోండి."
జాడీలో ఎప్పుడూ తక్కువ పడలేదు.
ఒకసారి ఒక కోడిగుడ్డు ఎక్కువ వచ్చింది.

ఓరోజు నన్ను పిలిచి
ఇత్తడి గిన్నె చేతిలో పెట్టాడు.
అంచు కింద చుక్కచుక్కగా చెక్కిన పేరు:
గొర్తి మాణిక్యమ్మ.
చదివాను. మళ్లీ చదవమన్నాడు.
మూడోసారికి నా గొంతు నా మాట వినలేదు.
ఏదో గొర్రెల షెడ్డులో మేకులు పోసుకున్నారట అందులో.
అంతకుమించి ఎవరికీ తెలీదు.
ధరెంత అన్నాను.
"ఆవిడని అడగాలి కదా" అన్నాడు.

జులైలో, ఊరి హాల్లో మీటింగు అయ్యాక
కుర్చీలు మడుస్తూ మడుస్తూ ఒకదాంట్లో కూర్చుండిపోయాడు.
ఇంకా పదకొండు మడవాల్సి ఉన్నాయి.

బెండిగో నుంచి వేలంవాళ్లు వచ్చేలోగా
వెర్నా, నేనూ చీటీలు విప్పాం.
ముప్పై ఏళ్లుగా ధరలు చూసిన ఊరు
ఒక్కరోజూ వెనక్కి తిప్పి చూడలేదు.

"మంగళవారం. మిసెస్ ప్యాస్కోకి డయాలసిస్. 6.20. దుప్పటి మరవకు."
"స్కూలు ముందు కాలువ మూత, మళ్లీ."
"నీల్ తాగక నలభై రోజులు. కేకు?"
"కాబ్ కుర్రాడికి బూట్లు. ఎవరిచ్చారో చెప్పొద్దు."
గడియారం చీటీకి: "ఆవిడ మళ్లీ అడిగితే ఇచ్చెయ్."
అలాగే ఇచ్చేసి ఉంటాడు, చీటీ ఒక్కటే ఉంది, గడియారం లేదు.

గిన్నె చీటీ మీద ధర లేదు.
మాణిక్యమ్మని తనకి వినపడినట్టు
ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక దీర్ఘం తప్పుగా.
వెనక:
"మందుల షాపు అమ్మాయి దగ్గుతోంది. హీటర్."

నా మొదటి చలికాలం గుర్తొచ్చింది.
గుమ్మంలో ఎవరో పెట్టిపోయిన హీటరు.
ఇంటి ఓనరు మంచివాడనుకున్నాను.
అయిదేళ్లు అతనికి కృతజ్ఞతలు చెప్పాను,
ఆయనా కాదనకుండా పుచ్చుకున్నాడు.

గిన్నె ఇప్పుడు నా దగ్గరుంది, కొనలేదు.
కారు తాళాలు అందులో వేస్తాను.
మంగళవారం ఆరింటికి, ఇంకా చీకట్లోనే, అవి తీస్తుంటే
ఇత్తడి ఖంగుమంటుంది.
బ్రేకు మరీ గట్టిగా తొక్కుతానని
మిసెస్ ప్యాస్కో దారి పొడుగునా సణుగుతుంది.
డెస్ అలా తొక్కేవాడు కాదట.

మొదటి వారం దుప్పటి మరిచాను.