నార నిర్దోషి

ఫెరారా దగ్గర, పో నది బురద మైదానంలో
ఒక ఇరుకు వీధి. వీధి మూల
ఎర్సీలియా కొట్టు.
పొద్దున తొమ్మిదింబావుకి షట్టరు సగం తను లేపింది.
మిగతా సగం చట్టం లేపింది.

ఇద్దరొచ్చారు.
పెద్దాయన చేతిలో కాగితం,
చిన్నాయన చేతిలో కాటా.

కాగితం ఏమంటుందంటే:
హెంప్ మొక్కకి కాండం ఉండొచ్చు.
గింజ ఉండొచ్చు.
వేరు ఎటూ మట్టిలోనే పడి ఉంటుంది కనుక
దాని ఊసు ఎత్తలేదు.
పువ్వు మాత్రం కూడదు.

ఆమె కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది.
"అంటే పూయొద్దని నేను చెప్పాలా దానికి?
ఏ భాషలో చెప్పను?
రోము భాష దానికి రాదు,
నాకూ అంతంత మాత్రమే."

పూలతో పాటు నారకూ వాసనబ్బుతుందని
మనం అనుకునే మాట
ఇక్కడ తలకిందులైంది.
నార నిర్దోషి, పువ్వు ముద్దాయి.
ఒకే కాడ మీద
కింది అంతస్తులో పౌరుడు,
పై అంతస్తులో నేరస్థుడు.

ఆమె అమ్మమ్మ జెల్ట్రూడే
ఆగస్టు ఎండలో నడుం లోతు మడుగులో దిగి
కట్టలు కట్టలుగా కాడలు నానబెట్టేది.
ఆ కుళ్ళు నీళ్ళ కంపు
పెళ్ళినాటి దుప్పట్లోక్కూడా మోసుకొచ్చిందని
తాత చచ్చేదాకా ఎగతాళి చేశాడు.
ఆ దుప్పటి ఇంకా ఉంది.
మొదటి పదేళ్ళు గరుకు,
ఆ తర్వాత అరవై ఏళ్ళూ మెత్తన.
ఈ ఊరి తాళ్ళు కట్టుకుని
ఎన్ని ఓడలు సముద్రాలు దాటాయో!
ఏ ఓడా మత్తెక్కి దారి తప్పినట్టు
ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

సీసాలు ఒక్కొక్కటే దిగుతున్నాయి.
రాత్రి బస్సు నడిపే అతను నిద్ర కోసం కొనే టీ,
నూనె, సబ్బులు, ఎండు పూలు.
ఎదురు కొట్లో పొగాకు.
దాని నెత్తిన ప్రభుత్వం వారి బోర్డు,
రాత్రి కూడా వెలిగేది.
పక్కన బారు.
పొద్దున్నే గ్రప్పా కలిపిన కాఫీ తాగి
ట్రాక్టరెక్కే వాళ్ళని
ఎవరూ తూకం వెయ్యరు.

"పిల్లలకి అమ్మకు అన్నారు, అమ్మలేదు.
పరీక్ష చేయించమన్నారు,
మూడు ల్యాబుల చీటీలున్నాయి.
మత్తెంత అంటే ఆవగింజలో అరభాగం.
ఆ అరభాగానికి
నా పదకొండేళ్ళ కొట్టా?"

పెద్దాయన అన్నాడు: "మేం రాసిన చట్టం కాదమ్మా."
ఆ మాట నిజమే. అదే చిక్కు.
రాసినవాళ్ళు ఎప్పుడూ
షట్టరు లేపడానికి రారు.

ఆమె చిన్నాయన వైపు తిరిగింది.
"మీ అమ్మ మొన్న మంగళవారం వచ్చింది నాయనా,
మోకాళ్ళ మలాం కోసం.
అందులోనూ పువ్వే.
ఇంటికెళ్ళి
ఆ మోకాళ్ళు కూడా జప్తు చేస్తావా?"

పెద్దాయన దగ్గాడు.
చిన్నాయన అంకె తప్పు రాసి, కొట్టేసి,
మళ్ళీ అదే తప్పు రాశాడు.

ఆరు కిలోల రెండు వందల గ్రాములు.
గోనెసంచిలో పోశారు. సీలు వెయ్యాలి.
చిన్నాయన జేబులు తడుముకున్నాడు,
దారం స్టేషన్లో మర్చిపోయాడు.

ఎర్సీలియా బల్ల కింద నుంచి ఉండ తీసింది.
ముదురు గోధుమ రంగు హెంప్ తాడు.
"తీసుకో, ఇది చట్టం ఒప్పిన ముక్కేలే."

అతనికి ముడి పడలేదు.
రెండుసార్లు జారింది.
చివరికి తనే వేసింది,
మడుగులో కట్టలకి అమ్మమ్మ వేసే ముడి,
తడిసేకొద్దీ బిగుసుకునేది.

ఆ పైన రశీదు పుస్తకం తెరిచి
నిదానంగా రాసింది:
తాడు, మీటరున్నర, ఎనభై సెంట్లు.

పెద్దాయన
చిల్లర కోసం వెతుక్కుంటున్నాడు.