కబురు వెనక్కి రాని చోటు

కిరూనాలో సూర్యుడు మొహం చూపించి పదహారు రోజులు.
బయట మైనస్ ముప్పై ఒకటి.
లోపల, తెర మీద, బ్రిట్టా నియా
ఆయన ముంగిట్లోనే కూర్చుని
గాలి అల్లుతోంది.

గాలంటే ఆకు కదిపేది కాదు.
వడగాలి అందామా, ఆ మాట దీనికి మరీ చల్లన.
పొయ్యి కన్నా పొగ వేడిగా ఉండే వంటిల్లు అది,
ఎందుకో ఇంకా ఎవరూ తెగేసి చెప్పలేదు.
ఆ పొగే ఆగలేక బయల్దేరుతుంది.

మొదట్లో సూర్యుడి చెప్పుచేతల్లోనే.
అయస్కాంతపు తీగల వెంట
ఒక వణుకు ముందుకి,
ఒక వణుకు వెనక్కి, కబురు మోసుకుని.
ఎక్కడో ఒకచోట
గాలి తన కబురు కన్నా వేగం అందుకుంటుంది.
అది దాటాక ఎంత అరిచినా
అరుపు కూడా ముందుకే కొట్టుకుపోతుంది.

ఆ గీత ఎక్కడ?
రెండేళ్లుగా ఆమె అడిగేది అంతే.

నలభై ఒక్క వేల అడుగులు నడిచి
నిన్న రాత్రి లెక్క కూలింది.
కోటిన్నర గళ్లలో ఒకే ఒక్క గడిలో
సాంద్రత సున్నా కిందికి జారింది.
లేనిదాని కన్నా తక్కువగా ఉండటం
అప్పులున్నవాడికి అర్థమవుతుంది గానీ
ప్రకృతికి కాదు.
తొమ్మిది రోజుల యంత్రకాలం.
గాలికి పోయిన పేలపిండి కృష్ణార్పణం అనుకోడానికి
నాకో సామెత ఉంది.
ఆమెకి లేదు. మళ్లీ కాఫీ పెట్టింది.

మంచు తోసే ఓలవి లాంతో
గుమ్మంలో బూట్లు దులుపుకుంటూ అడిగాడు,
ఆస్పత్రిలో మనిషి సంగతి అడిగినట్టు:
"ఇవాళ ఎలా ఉన్నాడు?"
"రాలేదు."
"పైన కాదు, నీ పెట్టెలో."
"పెట్టెలోనూ రాలేదు."

ఒంటిగంట దాటాక, రోజూలాగే,
ఊరి కింద గని పేలింది.
కాఫీలో ఒక వలయం లేచి
కప్పు అంచుకి తగిలి వెనక్కి వచ్చింది.
అడుగు గోడ!
తిరిగొచ్చిన కబుర్లని మింగాల్సింది పోయి
ఎదురు విసురుతోంది.
కాఫీ వల్ల తట్టిందని ఎవరికీ చెప్పకు, అంది తరవాత.
అప్పటికే ఆ వరుస మీద వేలు పెట్టి ఉందట.

పదకొండు రోజులకి గీత వచ్చింది.
మేం నున్నటి బంతి అనుకున్నాం.
నూనెలో పడ్డ అప్పడం.
ఒకచోట ఉబ్బు, పక్కనే లోయ,
దాటేశాననుకున్న గాలి
మళ్లీ ఇవతలే తేలుతోంది.

ఓలవి టోపీ తీసి చాలాసేపు చూశాడు.
"మా ఊరి కంచెలా ఉంది," అన్నాడు,
"గని పగులు పాకినప్పుడల్లా జరుపుతారు.
మా ఇల్లు రెండుసార్లు బయట, ఒకసారి లోపల."

ఆ పూట సూర్యుడు కొండ మీద గంటసేపు ఉన్నాడట.
మా కిటికీ తెర దించే ఉంది,
వెలుగు పడితే రంగులు సరిగ్గా కనిపించవని.