పద్నాలుగో మంచం

పుంటా అరేనాస్ ఆసుపత్రిలో
పడమటి వార్డుకి రంగులు మార్చమని నన్ను పిలిచారు.
నా సంచిలో నలభై రకాల నీలాలు:
శాంతినిచ్చే నీలం, నిద్రపుచ్చే నీలం,
బిల్లు చూసినా బెదరనివ్వని నీలం.
చివరిదానికి ఆ పేరు నేను పెట్టుకున్నదే.

నర్సు యస్నా అట్టల్ని ఒక్కొక్కటే తిప్పి చూసి
"ముందు ఒక రాత్రి పడుకో," అంది.
"ఈ గదులన్నీ నిలబడి చూసినవాళ్ళు గీసినవి."

పడుకున్నాను. పద్నాలుగో మంచం.
ట్యూబులైటు సూటిగా కళ్ళల్లోకి.
గోడ గడియారం తల వెనక,
నర్సుకి తప్ప ఎవరికీ టైము తెలియదు.
నీళ్ళ గ్లాసు, చెయ్యి చాపితే ఇంకా జానెడు అవతల.
కిటికీ ఉంది, పెద్దదే,
కానీ దాని అంచు నా కళ్ళకి మూరెడు పైన.
అందులో ఆకాశం తప్ప ఏమీ లేదు.
అదీ బూడిద రంగు, కదలకుండా,
ఎవరో పెయింటు వేసి మర్చిపోయినట్టు.

పదమూడులో ఎలెఉతేరియో మన్సీయా.
అరవై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించినవాడు.
దుప్పటి మీద రెండు చేతులూ
ఇంకా దేన్నో అదిమి పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.
"నిద్ర పట్టలేదా?" అన్నాను.
"గాలి ఏదీ?" అన్నాడు.

ఈ ఊళ్ళో గాలి లేకపోవడమా!
చెట్లన్నీ ఒకే వైపుకి తల దువ్వుకునే ఊరు.
ముదిరిన రోజున వీధి మూలల్లో
పట్టుకు నడవమని తాళ్ళు కట్టే ఊరు.
ఆ హోరు ఆపడానికే కదా
పోయిన ఏడు మూడు పొరల అద్దం బిగించింది,
రోగులకి నిశ్శబ్దం మంచిదని.
ఆ కాగితం మీద సంతకం నాదే.
"చెవుల్లో మట్టి పోసినట్టుంది," అన్నాడు ముసలాయన.
"గాలివాటం తెలియకుండా
ఏ పక్కకి తిరిగి పడుకోను?"

నా నలభై నీలాల్లో దానికి జవాబు లేదు.

అద్దం తీయలేను,
మిగతా మంచాలవాళ్ళకి నిద్ర కావాలి.
కిటికీ అంచు కోయించాను, రెండు జానలు కిందికి.
మూడు రోజులు ఇటుక పొడి, మేస్త్రీ దగ్గు, యస్నా తిట్లు.
అప్పుడు మంచం మీంచి పెరడు కనిపించింది:
ఒక గోడ, రెండు చెత్త డబ్బాలు, లాండ్రీ తలుపు.
గోడకీ తలుపుకీ మధ్య తీగ లాగి
సిబ్బంది గది దుప్పట్లు అక్కడే ఆరేయమన్నాను.
డైరెక్టరు మొహం చిట్లించాడు,
"పూలు చూపించమంటే పక్కగుడ్డలు చూపిస్తావా?"
ఈ గాలికి ఏ పువ్వు నిలుస్తుందో
ఆయన చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే
దుప్పట్లు ఒక్కసారిగా మా వైపుకి లేచాయి,
కంచె దూకే మందలా.
ఎలెఉతేరియో చూశాడు. చాలాసేపు చూశాడు.
"మధ్యాహ్నానికి వడగళ్ళు," అన్నాడు.
పడలేదు.
మరుసటి రోజు మళ్ళీ అదే చెప్పాడు. పడ్డాయి.
ఇక డ్యూటీ దిగే నర్సులంతా
కోటు గుండీలు పెట్టుకోవాలా వద్దా అని
అతన్ని అడిగి వెళ్ళడం మొదలైంది.

నయమైందని నేననను, ఆ మాట డాక్టర్లది.
కుడివైపుకి తిరిగి నిద్రపోయాడు.
నాకు తెలిసింది అంతే.

ఆగస్టులో మళ్ళీ వెళ్ళాను.
పదమూడులో ఎవరో కుర్రాడు.
యస్నాని నేనడగలేదు, ఆమే చెప్పలేదు.
పద్నాలుగులో ఎదెల్మిరా,
రేవు పక్క హోటల్లో ముప్పై ఏళ్ళు బట్టలుతికిన మనిషి.
కిటికీ వైపు గడ్డంతో చూపించి
"చచ్చేముందు కూడా ఇవేనా?
కాస్త కప్పెయ్ తల్లీ," అంది.

నాకు నవ్వాగలేదు. ఆమెకీ ఆగలేదు,
కుట్లు పట్టుకుని నవ్వింది.

తెర కుట్టించాలి.
చెక్క రింగులు, కీచుమనకుండా.
రంగు ఆమెనే అడగాలి.
ముందు మాత్రం తాడు,
తెర లాగే తాడు. గోడ వారన కాదు, నర్సు ఎత్తున కాదు.
టేపు తీసి "చెయ్యి చాపండి," అన్నాను.
సెలైను గుచ్చని చెయ్యి.
భుజం నుంచి వేలికొన దాకా అరవై ఒకటి.
"నొప్పి రోజున అంత చాపలేదు," అంది యస్నా.
కొట్టేసి, యాభై అని రాసుకున్నాను.