పలక కొలత

మొదట అది ఒక్క రాత్రి సంగతే.
"పొద్దున కంభం బస్సుకి వచ్చేస్తాలే అన్నా" అని
కస్తూరి తన పిలకాయని నా షెడ్డులో
చట్రాల కుప్ప మీద కూర్చోబెట్టి పోయింది.
ఆ పొద్దు ఇంకా పొడవలేదు.
మధ్యలో రెండు ఎండాకాలాలు అయిపోయాయి.

నేను మద్రాసులో టైల్స్ పని పోయి
ఊరికి తిరిగొచ్చినవాణ్ణి.
మార్కాపురంలో పలకలు కొనేవాళ్ళు లేరని తెలిసే వచ్చాను.
రాయి ఎక్కడ పగులుతుందో చెవి ఆనించి చెప్పగలను.
పిల్ల ఎందుకు ఏడుస్తుందో
ఎక్కడ చెవి ఆనించాలి?

పేరు నాంచారి. వాళ్ళ జేజి పేరంట.
నిలబెట్టి కొలిస్తే మూడున్నర పలకల ఎత్తు.
జ్వరం రాత్రి ఆసుపత్రి దాకా మోస్తే
సిమెంటు బస్తా కంటే బరువు,
దించబుద్ధి కాని బరువు.

జడ మాత్రం టిఫిన్ కొట్టు కోటేశ్వరి నేర్పింది.
ముందు పురికొస మీద, తర్వాత చీపురు మీద,
ఆ తర్వాతే పిల్ల నెత్తి మీద.
మొదటి జడ చూసి బజారంతా నవ్వింది.
నాంచారి నవ్వలేదు. అద్దంలో చాలాసేపు చూసుకొని
"తోక బాగుంది" అంది.

రాత్రిళ్ళు పగిలిన ఫోన్లో జపాను బొమ్మల కథ చూస్తాం.
భాష ఇద్దరికీ రాదు.
ఒకాయన, ఒక బుడ్డది, సముద్రం పక్కన చిన్న ఊరు.
బడి గేటు దగ్గర ఆయన గొడుగు పట్టుకొని నిలబడతాడు.
అక్కడ ఎప్పుడూ వానే.
"వాళ్ళకి ట్యాంకరు రాదా?"
అక్కర్లేదు అంటాను.
"ఆయన దాని సొంత నాయనేనా?"
తెలీదు, మాటలు అర్థమైతే కదా.
"గొడుగంతా దాని మీదే పెట్టాడు, చూడు.
ఆయన చొక్కా తడిసిపోయింది."
ఆ మాటతోనే నా మోచేతి మీద నిద్రపోయింది.
బ్యాటరీ అయిపోయేదాకా
కథ నేనొక్కణ్ణే చూశాను.

బడిలో చేర్చేటప్పుడు కాగితం మీద
తండ్రి, పక్కన అడ్డగీత, సంరక్షకుడు అని ఉంది.
"ఒకటి కొట్టెయ్యండి" అని టీచరమ్మ పెన్ను ఇచ్చింది.
ఎంతసేపు పట్టుకున్నానో.
చివరికి రెండూ అట్నే ఉంచి
కింద సంతకం పెట్టాను.
ఆమె చూసింది. ఏమీ అనలేదు. ముద్ర గుద్దింది.

ఇప్పుడు నాలుగు పలకలు దాటింది.
గుమ్మం పక్కన బలపంతో గీసిన గీతల్ని
వెల్ల వేసేవాణ్ణి ముట్టుకోనివ్వను.

కంభం బస్సు రోజూ ఏడూ పదికి హారన్ కొడుతుంది.
దువ్వెన ఆగుతుంది.
ఇద్దరం రోడ్డు వైపు చూస్తాం.
దిగేవాళ్ళు దిగుతారు: ఒక సంచి, ఒక కోడి, ఎవరో ముసలాయన.
"లాగుతుంది, వదులుగా వెయ్యి" అంటుంది నాంచారి.
వదులుగానే వేస్తాను,
మధ్యాహ్నానికల్లా ఊడిపోతుందని తెలిసీ.