అడుగుకి అంగుళం

ఎన్నికలొస్తే రోజుకి ఆరొందలు కుట్టేదాన్ని.
పార్టీ ఏదైనా మిషనుకి ఒకటే చప్పుడు.
కొలత అడిగినవాడు లేడు,
కట్టలెక్కన పట్టుకెళ్లేవాళ్లు.
మర్నాటికి ఏలూరు కాలవలో,
ఆటో చక్రాల కింద.

వన్‌టౌన్‌లో నా కొట్టుకి
నేవీలో జెండాల పని చేసి దిగిన సైకం ఏడుకొండలుగారు
టేపు తనే తెచ్చుకుని వచ్చారు.
"పద్దెనిమిదడుగుల తెరచాప పడవ, నాంచారమ్మా.
అడుగుకి అంగుళం.
పొడుగు పద్దెనిమిది, వెడల్పు పన్నెండు.
పెద్దదైతే పడవ చిన్నబోద్ది,
చిన్నదైతే జెండా చిన్నబోద్ది."

జాకెట్టుక్కూడా ఇంత పట్టింపు ఉండదని నవ్వాను.
ఆయన నవ్వలేదు.
కత్తిరింపుల బల్ల మీద నా సుద్దముక్కతోనే పడవ గీశారు.

దేశం జెండా అమరంలో,
చుక్కాని పట్టినవాడి వీపు వెనక.
కనపడకపోయినా ఉందని తెలుస్తుంటది,
మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టు.
కొయ్య చిట్టచివర ముక్కోణం గుడ్డ,
గాలి ఎటు తిరిగిందో ముందు దానికే తెలియాలి.
కుడివైపు అడ్డకొయ్య కింద మాత్రం
ఎవరి నీళ్లలోకి వెళ్తే వాళ్ల జెండా.
చుట్టాలింటికి పళ్లు పట్టుకెళ్లమా, అలాగ.

"మీరు పోయేది పున్నమి ఘాట్ నించి సీతానగరం దాకా.
బ్యారేజీ గేట్లు దాటేది లేదు.
ఇంకెవరి నీళ్లండీ?"
"అవతలొడ్డు గుంటూరు జిల్లా కాదూ!"
అప్పుడు నవ్వారు.

తెల్లగుడ్డ మీద ఎర్ర మిరపకాయ కుట్టిచ్చాను,
తొడిమకి ఆకుపచ్చ దారం.
దానికి డబ్బులు తీసుకోలేదు.

ఆయన సంచిలో పాత జెండాలు,
ఒక్కో గుడ్డకీ ఒక్కో మాట.
మనిషి నీళ్లలో పడ్డాడు.
కింద ఈతగాడున్నాడు, మెల్లగా పొండి.
పసుపుపచ్చది మడత విప్పి ఇదేంటన్నాను.
"పడవలో అందరం క్షేమం,
రోగం రొష్టు లేదు, ఒడ్డుకి రానివ్వండి అని."

నా కాలు మిషను తొక్కడం ఆపేసింది.

బుడమేరు పొంగిన ఏడు
సింగ్‌నగర్‌లో మా డాబా మీద
ట్యాంకు పైపుకి నేను కట్టింది పసుపుపచ్చ లంగా.
దూరానిక్కూడా ఆనుద్దని.
మూడు రోజులు.
పక్కింటాయన సూది మందు అయిపోయింది,
బిందెలో నీళ్లు గుక్కల లెక్కకొచ్చాయి.
మెయిన్ రోడ్డు మీద రెండు పడవలు
మా సందు మొగ దాటి వెళ్లిపోయాయి.
మేం కింద నించి అరుస్తానే ఉన్నాం,
పైన అది ఎగురుతానే ఉంది
అందరం క్షేమం, అందరం క్షేమం అని.

"వాళ్లకి ఈ భాష రాదులేమ్మా."
తెలుసండీ.
అయినా రాసింది నేనే కదా.

ఆ పూట టీ తాగకుండానే వెళ్లారు.
తర్వాతి మంగళవారం
నీలం, తెలుపు, ఎరుపు గుడ్డలు తెచ్చి
"పదహారు గళ్లది ఒకటి, అయిదు చారలది ఒకటి.
గళ్లది పైన, చారలది కింద.
ఆపదలో ఉన్నాం, రండి అని" అన్నారు.
పడవకా అన్నాను.
"పడవకి నా దగ్గరుంది."

నిన్న సాయంత్రం నది ఒడ్డున నిలబడి చూశాను.
పొద్దు కొండల వెనక్కి జారేముందు
మిరపకాయని దించారు.
దేశం జెండా ఆఖరున,
నీటిచుక్క తగలకుండా గుండెకానించి మడిచారు.
ఇన్నేళ్లలో నేను కుట్టినవాట్లో
సాయంత్రం ఎవరన్నా మడతపెట్టిన జెండా
అదొక్కటే.

మా ట్యాంకు పైపుకి ఇప్పుడు తాడుంది, ఖాళీగా.
గళ్లదీ చారలదీ ట్రంకుపెట్టెలో పైనే,
చీకట్లో తడిమినా అందేట్టు.
పైన ఏది, కింద ఏదని
మనవరాలికి అప్పజెప్తుంటే
"అది తెలిసింది అమ్మమ్మా,
ముందు ముడి చూపించు" అంది.