ఆల్టు

డ్యూటీ చార్టులో ఎర్ర ఇంకుతో రాసుండేది
నైట్ హాల్ట్, కొండగుంటపల్లె.
బద్వేలు డిపోలో అది పనిష్మెంటు కింద లెక్క.
ఆ మాట ఊరి పొలిమేర దాటేటప్పటికి
ముందరి హ రాలిపోయేది,
చివరి ట కు కొమ్ము మొలిచేది.
"ఆల్టు బస్సొచ్చింది మే, ఎసరు పెట్టు" అనేది రామలక్షుమ్మ.
టైము ఎనిమిదీ నలభై.
ఆ ఊర్లో గడియారాల కంటే మేమే కరెక్టు,
టైరు పంచరైన దినాలు తప్ప.

పాలకేంద్రం గోడకూ కరెంటు స్తంభానికీ నడుమ
బస్సు ఎనక్కు పెట్టాల.
ఖాదర్‌వలి అద్దంలో చూసేవాడు కాదు,
గుర్రప్ప గొంతుకు చెవి ఒగ్గేవాడు.
పదిహేడేండ్లు పటాలంలో ఉండి వచ్చిన మనిషి,
లుంగీ మీద ఖాకీ స్వెట్టరు, ఎండాకాలం కూడా.
"రానీ... రానీ... ఇంగా రానీ..."
తర్వాత రొమ్ములోంచి ఒకటే దెబ్బ:
"ఆల్ట్!"
బస్సు ఆగేది.
ఆగినాక కూడా ఆయప్ప చెయ్యి కాసేపు గాల్లోనే ఉండేది,
నిజంగా ఆగిందా లేదా అని
ఇంగా చూస్తాండినట్టు.

ఒకసారి బస్సు టాపు మీద కూచోని
చెనిక్కాయలు వలుస్తా చెప్పినాడు:
"మంచులో కాపలా. ఎవురన్నా వస్తే మూడుసార్లు అనాల ఆ మాట."
"మూడోసారికీ నిలబడకపోతే?"
"మూడుసార్లూ అన్న్యా."
అరచేతిలో పొట్టు ఊదేసినాడు.
కింద కుక్క ఇంజను వేడికి వీపు ఆనించి నిద్రపోతాంది.
నేను క్యాష్ బ్యాగు తలకింద సర్దుకున్న్యా.

ఆ మాటకు ఊర్లో ఇంగేం పని లేదనుకోవద్దండి.
పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను బోరింగు కాడ అడిగేవాళ్లు
"ఆల్టా, రిటర్న్ ట్రిప్పా?"
తెగని దగ్గు పిల్లోని రొమ్ములో ఆల్టు.
అప్పు వసూలుకొచ్చి
కోడికూర వాసనకు మంచమెక్కినోడు ఆల్టు.
విత్తనం వేళకు మబ్బొచ్చి లంకమల మీద కూకుంటే
కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోని చూసి
"దానికి ఆడే ఆల్టంట, మన ఊరికి రూటు లేదంట" అని
కాయల మూటలు మళ్లా ఇంట్లో పెట్టేవాళ్లు.
నవ్వేవాళ్లు కూడా. ఏం చేస్తారు.

ఒక రాత్రి రెండు గంటలప్పుడు రేకు మీద దబదబ కొట్టినారు.
సుంకులమ్మ కోడలికి నొప్పులు.
ఖాదర్‌వలి చొక్కా లేకుండానే సీటెక్కినాడు.
టికెట్ కొట్టలేదు, పోరుమామిళ్ల ఆసుపత్రి దాకా
గుంత వచ్చిన ప్రతిసారీ అందరం ఊపిరి బిగబట్టినాం.
మెమో వచ్చింది మా ఇద్దరికీ.
పిల్లోనికి పేరేదో మంచిదే పెట్టినారు గానీ
ఊరంతా వాణ్ణి పిలిచేది ఆల్టుగాడనే.

కలెక్షన్ లేదని ఒక వేసవిలో ఎత్తేసినారు.
"నైట్ హాల్ట్ రద్దు."
ఆ కాగితం మీద మాత్రం హ ఉంది,
రబ్బరు స్టాంపు కింద, గట్టిగా.

మొన్న పోయినా.
ఆల్టుగాడు పదో తరగతి పాసైనాడని ఫోన్ వస్తే
మెయిన్ రోడ్డు కాడ దిగి నాలుగు కిలోమీటర్లు నడిచినా.
పొద్దు మునిగింది. పాలకేంద్రానికి తాళం.
బస్సు నిలబడే చోట ఆయిలు మరక ఉండాది,
చుట్టూ గడ్డి లేచింది, మరక మీద లేవలేదు.
పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఎవరో, స్వెట్టరుతో.

"ఆల్ట్!"

నా కాళ్లు నన్నడక్కుండానే ఆగినాయి.
"ఎవురది?"
సర్వీసు నంబరు చెప్పినా, డిపో చెప్పినా,
చివరికి నా పేరు చెప్పినా.
ఒక కంటికి పొర. రెండోది మూసేసుంది.
గాల్లో ఉన్న చెయ్యి
శానాసేపటికి, ఒక్కొక్క వేలే దిగినట్టు, మోకాలి మీద దిగింది.

"కండెక్టరా!
సంగటి ఉండాది, ఊరిబిండి ఉండాది.
ఈపొద్దు ఆల్టేనా?"