ఊచలు

ఏటుకూరు రోడ్డు దిగాక, జెయింట్ వీల్ నీడ వచ్చి పోయే చోట
నేను వడ్డించే హోటలుంది.
పేరు అడక్కండి. ఈ నెల పేరు
ఇంకా ఫ్లెక్సీ షాపులోనే ఆరుతోంది.

ముందు అది జైలు.
నాకు ఖాకీ చొక్కా, అద్దె లాఠీ.
"నాలుగో సెల్లుకి రెండు బిర్యానీ!" అని అరిస్తే
కుర్రాళ్లు ఊచలు పట్టుకుని
ఏడుపు మొహాలతో ఫొటోలు దిగేవాళ్లు.
ఒకాయన మాత్రం గుమ్మం దాటలేదు.
లోపలికి ఒక్కసారి చూసి
పిల్లల్ని మొక్కజొన్న కంకుల బండి వైపు మళ్లించాడు.
చేతులు వీపు వెనక కట్టుకుని నడిచాడు,
ఎవరో అలాగే నడవమన్నట్టు.
ఆ రోజంతా నా లాఠీ
వంటింట్లో గరిటెల పక్కన ఉంది.

తర్వాత రైలు.
నిలువు ఊచలు అడ్డం తిరిగి బెర్తులయ్యాయి. నీలం రంగు.
నాకు నల్లకోటు, అదీ మే నెలలో.
బొమ్మరైలు ప్లేట్లు మోసుకొచ్చేది,
మలుపులో రోజుకో వడ పట్టాలు తప్పేది.
సాంబారు మాత్రం అచ్చం రేపల్లె ప్యాసింజరు,
వస్తుందని నమ్మకమే గానీ ఎప్పుడో తెలీదు.

ఆ పైన పల్లెటూరు. ఆవు ఫైబరుది.
ముంతలో మజ్జిగ తొంభై రూపాయలు.
మిర్చియార్డులో తొడిమలు తీసే ఆడవాళ్లు నలుగురు
చీటీ పాడుకున్న ఆదివారం వచ్చారు.
ఆవు కిందకి వంగి చూసి, నా బ్యాడ్జీ చదివి
"పొదుగేదయ్యా మస్తాన్‌వలీ?" అన్నారు.
నేను మేనేజరు వైపు చూశాను.
ఆయన ఆవు వైపు చూశాడు.

ఇప్పుడు అంతరిక్షం.
ఊచలకి వెండిరంగు, నా తలకి గాజుబుర్ర.
అందులోంచి ఏ ఆర్డరూ సరిగ్గా వినపడదు.
ఉప్మా అడిగితే ఊతప్పం పెట్టి
"చంద్రుడి మీద ఇంతేనండి" అంటాను.
యార్డు వైపు నుంచి గాలి మళ్లిందా,
వ్యోమగాములంతా ఒకేసారి తుమ్ముతారు.
వంటింట్లో దీవెనమ్మకి ఏ వేషమూ లేదు.
ఏ లోకమని అడగదు, ఎన్ని ప్లేట్లని అడుగుతుంది.
ఆమె నూరే గోంగూర పచ్చడి పేరు
మెనూలో 'అంగారకుడి మన్ను'.
ఆ సంగతి ఆమెకి ఇంకా ఎవరం చెప్పలేదు.

నిన్న రాత్రి కుర్చీలు ఎత్తేశాక
పెచ్చు లేచిన చోట గోరుతో గీకాను.
వెండి కింద వెదురు పసుపు, పసుపు కింద నీలం,
నీలం కింద జైలు నలుపు.
దాని కింద, ఊచకి అతికించిన రేకు ముక్క మీద
తెల్లటి రెండక్షరాలు: నేల.
పాత ఇనుము కొట్లో తూకానికి కొన్నారట,
కూల్చేసిన ఏదో టాకీసువి.
ఏదో ఏమిటి, ఈ మధ్య ఊచ వంపు నాకు తెలుసు.
తొమ్మిదేళ్లప్పుడు, పిడికిట్లో రూపాయి బిళ్లతో,
వెనక జనం తోస్తుంటే
నా మోచెయ్యి ఇరుక్కున్నది ఇక్కడే.

పొద్దున ఓనరు గారు వచ్చి
వచ్చే నెల 'పాత సినిమాహాలు' అన్నారు.
"రంగు కొనక్కర్లేదు, గీకించండి చాలు."
నాకో టార్చిలైటు ఇస్తారట,
చీకట్లో ఎవరి బల్ల ఎక్కడో చూపించడానికి.

ఆయన వెళ్లాక గాజుబుర్ర తీసి పక్కన పెట్టి
ఆ వంపులో మోచెయ్యి దూర్చి చూశాను.
పట్టలేదు.